గడప దాటించే వైద్యం

(డాక్టర్ క్లేర్ వీక్స్ స్మృతికి అంకితంగా చేసిన ఉపన్యాస పాఠం)

డాక్టర్ క్లేర్ వీక్స్ మానసిక వైద్యురాలు కారు. 1903లో సిడ్నీలో పుట్టిన ఆమె మొదట పరిశోధన చేసింది బల్లుల మీద. గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కనే బల్లిజాతుల్లో మావి ఎలా ఏర్పడుతుందో గమనించడం ఆమె పని. సిడ్నీ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా అందుకున్న మొదటి మహిళ ఆమె, అది 1930లో. వైద్యపట్టా చేతికి వచ్చేసరికి 1945 అయింది, ఆమెకు నలభై దాటాయి. అయినా అగోరాఫోబియా గురించి మాట్లాడాలంటే ఆమె పేరుతోనే మొదలుపెట్టాలి. ఇంట్లోంచి కాలు బయటపెట్టలేని మనుషుల్ని ఆసుపత్రికి రమ్మనడంలో అర్థం లేదని గ్రహించి, వైద్యాన్నే వాళ్ల ఇంటికి పంపించిన మనిషి ఆమె.

ఆ గ్రహింపు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. 1920ల చివర ఆమె బరువు తగ్గిపోయారు, గుండెదడ పట్టుకుంది. డాక్టర్లు క్షయ అనుకుని శానటోరియానికి పంపారు. నెలల తరబడి మంచం మీద, వేరే పనేమీ లేక, సొంత గుండె చప్పుడే వింటూ గడిపారు. క్షయ కాదని ఆ తర్వాత తేలింది. దడ మాత్రం పోలేదు. పైగా దాన్ని కనిపెట్టుకుని ఉండటం అలవాటైపోయింది. చివరికి దారి చూపింది డాక్టరు కాదు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన ఒక మిత్రుడు. కందకాల్లో తమకూ గుండె అలాగే కొట్టుకునేదని, దాన్ని చూసి ఆమె భయపడుతున్నారని, ఆ భయమే మళ్లీ దడ పుట్టిస్తోందని అతను చెప్పాడు. దడతో పోట్లాడటం మానేశాక ఆమె కుదుటపడ్డారు. తర్వాతి జీవితమంతా ఆమె చేసిన వైద్యం ఈ ఒక్క మాటకు విస్తరణే.

అగోరాఫోబియా అంటే మైదానాలంటే భయమని చాలామంది అనుకుంటారు. అది అందులో ఒక ముక్క మాత్రమే. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రకటించిన నిర్ధారణ సూత్రాలు అయిదు రకాల సందర్భాలను చెబుతాయి: బస్సు, రైలు లాంటి ప్రయాణాలు; వంతెనలు, సంతలు లాంటి బయలు ప్రదేశాలు; సినిమాహాళ్లు, దుకాణాలు లాంటి మూసి ఉన్న చోట్లు; క్యూలు, జనసందోహం; ఇంటి నుంచి ఒంటరిగా బయటకు వెళ్లడం. వీటిలో కనీసం రెండింటికి ఆరు నెలలుగా భయపడుతూ, తప్పించుకు తిరుగుతూ, బతుకు సాగక ఇబ్బంది పడుతుంటే అది జబ్బు కిందికి వస్తుంది.

బయటనుంచి చూస్తే ఈ అయిదింటికీ పొంతన లేదు. లోపలినుంచి చూస్తే ఒకటే ప్రశ్న: ఇక్కడ నాకేమన్నా అయితే ఎలా బయటపడాలి, ఎవరు పట్టుకుంటారు? హైదరాబాద్‌లో పదకొండు కిలోమీటర్లకు పైగా పొడవున్న పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే దిగే చోటు వచ్చేదాకా పైనే పోవాలి, మధ్యలో బండి వెనక్కి తిప్పుకోవడానికి లేదు. అందుకే కింద ట్రాఫిక్‌లో గంట పట్టినా సరేననుకునేవాళ్లు ఉంటారు. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంటు తలుపు వేసేస్తే మళ్లీ తీసేదాకా అక్కడే కూర్చోవాలి. దేవుడి మీద ఎంత భక్తి ఉన్నా ఆ తలుపును తలుచుకుని కొండకు వెళ్లడం మానుకున్నవాళ్లకు, అది తలుపు భయమని ఇంట్లోవాళ్లకు చెప్పుకోవడం కూడా కష్టమే. ఆర్టీసీ బస్సులో డోరు పక్క సీటు, సినిమాహాల్లో నడవ పక్క కుర్చీ, పెళ్లిలో పందిరి చివర చోటు... ఎక్కడికెళ్లినా ముందు బయటికి దారి వెతుక్కునే కళ్లు ఈ జబ్బుకు గుర్తు.

ఈ పేరు పెట్టింది బెర్లిన్‌లోని కార్ల్ వెస్ట్‌ఫాల్. 1871-72లో ఆయన ముగ్గురు మగవాళ్ల గురించి రాశారు. వాళ్లు పిచ్చివాళ్లు కారు, పిరికివాళ్లూ కారు. కానీ నగరంలోని పెద్ద కూడలిని ఒంటరిగా దాటలేరు. దాటబోతే గుండె దడదడలాడుతుంది, ఒళ్లు వణుకుతుంది. పక్కన ఎవరైనా ఉంటే తేలిక. బీరో వైనో తాగితే కాస్త ధైర్యం. నూటయాభై ఏళ్ల కిందటి ఆ వర్ణనలో నేటి రోగి తనను తాను పోల్చుకుంటాడు. తోడూ తాగుడూ కూడా అలాగే కొనసాగుతున్నాయి. 1889లో వియన్నా వాస్తుశిల్పి కామిల్లో సిట్టే ఈ జబ్బు నేరాన్ని నగరాల కొత్త పోకడ మీద మోపారు, మరీ విశాలమైన కూడళ్లు మనిషిని కలవరపెడతాయని. కారణం కూడలి కాదని ఇప్పుడు తెలుసు.

చాలామందిలో ఈ జబ్బు ఉన్నట్టుండి వచ్చిపడే భయం దాడితో మొదలవుతుంది. దాన్ని దగ్గరగా చూడాలి.

కూరగాయల మార్కెట్లో నిలబడ్డ ఒకామెకు ఉన్నట్టుండి గుండె వేగం పెరుగుతుంది. ఊపిరి అందనట్టనిపించి గబగబా పీలుస్తుంది. అలా పీల్చేకొద్దీ రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పెదాల చుట్టూ చీమలు పాకినట్టు ఉంటుంది, తల తేలిపోతుంది. చేతుల్లో చెమట, కడుపులో తిప్పు, కాళ్లలో బలం లేనట్టు. చుట్టూ ఉన్న మనుషులు, త్రాసు, టమాటాల గుట్ట అన్నీ అద్దం వెనకున్నట్టు దూరమవుతాయి. ఆపైన ఒక ఆలోచన: చచ్చిపోతున్నాను. లేదా, పిచ్చెక్కుతోంది. నిజానికి జరుగుతున్నదల్లా ఆపద వచ్చినప్పుడు పరుగెత్తడానికో ఎదుర్కోవడానికో శరీరం చేసుకునే ఏర్పాటే, ఆపద లేనిచోట. ఇది కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరి, దిగడం మొదలుపెడుతుంది. ఆ దిగడం చూసేదాకా ఆమె అక్కడ ఉండదు. సంచి వదిలేసి ఆటో ఎక్కి ఇంటికి వచ్చేస్తుంది. ఇంటికి రాగానే తగ్గుతుంది. అప్పుడు మనసు నేర్చుకునే పాఠం తప్పు పాఠం: ఇల్లు చేరాను గనక బతికాను.

మన దగ్గర దీనికి మొదట పెట్టే పేరు గ్యాస్. లేకపోతే బీపీ, షుగర్ పడిపోవడం, నీరసం. దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. ఈసీజీ, టుడీ ఎకో, ట్రెడ్‌మిల్, థైరాయిడ్, ఎండోస్కోపీ అన్నీ అవుతాయి. ఒకసారి పరీక్షలు చేయించుకోవడం మంచిదే. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, గుండె లయ తప్పినా, చెవి లోపలి సమస్య ఉన్నా ఇలాంటి లక్షణాలు కనిపించవచ్చు. తప్పు జరిగేది ఆ తర్వాత. రిపోర్టులన్నీ బాగున్నాయి, మీకేమీ లేదు, ఇంటికెళ్లండి అంటారు. ఏమీ లేనిదానికి అంత బాధ ఎలా వచ్చిందో చెప్పేవారుండరు. రోగి ఇంకో కార్డియాలజిస్టు దగ్గరకు వెళ్తాడు. రిపోర్టుల ఫైలు లావెక్కుతుంది, తిరిగే చోట్లు తగ్గుతాయి.

మొదట మార్కెట్. తర్వాత మార్కెట్‌కు వెళ్లే బస్సు. ఆపైన ఏ బస్సయినా. గుడి, బ్యాంకు, పిల్లల స్కూలు, పుట్టింటి పెళ్లి. దాడి మళ్లీ రాకపోయినా వస్తుందేమోనన్న భయం చాలు. అమెరికన్ మనస్తత్వవేత్తలు అలాన్ గోల్డ్‌స్టీన్, డయాన్ చాంబ్లెస్ 1978లో ఈ జబ్బుకు కేంద్రం భయానికే భయపడటమని విశ్లేషించారు. వీక్స్ ఇదే విషయాన్ని మామూలు మనుషుల భాషలో అంతకుముందే చెప్పారు. మొదటి భయం శరీరానిది. అది మెరుపులా వచ్చేస్తుంది, మన చేతుల్లో లేదు. రెండో భయం మనం జోడించేది: అయ్యో మళ్లీ వచ్చింది, ఇప్పుడెలా, పడిపోతానేమో. మొదటిదాన్ని ఆరనివ్వకుండా మండించేది ఈ రెండోదే.

కుంచించుకుపోవడం ఎంతవరకు పోతుందో విలియమ్ ఎలరీ లెనార్డ్ జీవితం చూపిస్తుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల ఆచార్యుడు, కవి. మాడిసన్ పట్టణంలో తన ఇంటి చుట్టూ ఉన్న కొద్ది వీధులే ఆయన ప్రపంచమైపోయింది. చదువులో, పాండిత్యంలో ఆయనకు లోటు లేదు, ఇంటికి దూరంగా నాలుగు వీధులు నడవడమే చేతకాలేదు. చిన్ననాడు రైలింజను చూసి బెదిరిపోవడమే దీనికి మూలమని తేల్చుకుని, 1927లో 'ది లోకోమోటివ్ గాడ్' అనే ఆత్మకథ రాశారు. పుస్తకం గొప్పది, తవ్వుకోవడం నిజాయతీగా సాగింది. కానీ మూలం దొరికినంత మాత్రాన ఆయన కాళ్లకు స్వేచ్ఛ రాలేదు. ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం వేరు, దాన్నుంచి బయటపడటం వేరు అనడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఈ జబ్బు ఏడాదిలో నూటికి ఇద్దరి కంటే కాస్త తక్కువ మందిలో కనిపిస్తుందని, మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెట్టింపని అమెరికన్ నిర్ధారణ గ్రంథం చెబుతుంది. ఎక్కువమందికి 35 ఏళ్లలోపే మొదలవుతుంది. మూడోవంతుకు పైగా పూర్తిగా ఇంటికే పరిమితమవుతారు. చికిత్స లేకుండా పూర్తిగా నయమయ్యేవాళ్లు పదిమందిలో ఒకరే. అంటే, వయసు పెరిగితే అదే పోతుందిలే అని ఎదురుచూడటం పదిలో తొమ్మిది సార్లు ఓడిపోయే పందెం.

ఆడవాళ్లలో రెట్టింపన్నది ఊరికే చదివి వదిలేసే అంకె కాదు. బ్రిటన్‌లో అగోరాఫోబియా ఉన్నవాళ్లు 1960లలో 'ది ఓపెన్ డోర్' అనే ఉత్తరాల సంఘం పెట్టుకున్నారు. ఇల్లు కదలలేనివాళ్లు ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునే సంఘం. దాని సభ్యుల్లో 1,200 మంది వివరాలను ఐజాక్ మార్క్స్, ఇ.ఆర్. హెర్స్ట్ 1970లో ప్రకటించారు. అత్యధికులు గృహిణులు. ఇంట్లో ఉండే ఆడమనిషి ఇంట్లోనే ఉండిపోతే అది జబ్బని ఎవరికీ తట్టదు. మన దగ్గర పరిస్థితి ఇంకా చిక్కు. గుమ్మం దాటని పిల్ల, ఇంటిపట్టున ఉండే కోడలు అన్నవి మెచ్చుకోలు మాటలు. ఒంటరిగా బస్సెక్కలేకపోవడాన్ని అణకువ అనుకుంటారు. తోడు లేకుండా కదలదని గర్వంగా చెబుతారు. ఆమె లోపల ప్రతి ప్రయాణానికీ వారం ముందునుంచి నిద్రలేక నలిగిపోతున్న సంగతి ఎవరికీ కనిపించదు. మగవాడి కథ దీనికి తలకిందులు. ఇంట్లో కూర్చుంటే సోమరి అంటారు. చెప్పుకోలేక ప్రమోషన్ వదులుకుంటాడు, ట్రాన్స్‌ఫర్‌కు భయపడి ఉద్యోగమే మానేస్తాడు, లేదా వెస్ట్‌ఫాల్ రోగుల్లాగే గ్లాసు పట్టుకుంటాడు. 2020 లాక్‌డౌన్ ఇలాంటివాళ్లకు కొన్నాళ్లు ఊరట ఇచ్చింది. బయటికి రావద్దని ప్రభుత్వమే చెప్పింది గదా. ఆ ఊరటే తర్వాత చాలా ఖరీదైంది.

కుటుంబం గురించి చెప్పడం కష్టం, ఎందుకంటే తప్పు జరిగేది ప్రేమలోంచే. భర్త సరుకులు తెచ్చిపెడతాడు. తల్లి వచ్చి ఇంట్లో ఉంటుంది. కూతురు కాలేజీ మానేసి బ్యాంకుకు తోడు వెళ్తుంది. అమ్మా నీకెందుకు శ్రమ, మేం చూసుకుంటాం అంటారు. ప్రతి సాయం ఆ రోజుకు బాధ తగ్గిస్తుంది, నీవల్ల కాదు అన్న నమ్మకాన్ని మాత్రం ఒక చుట్టు బిగిస్తుంది. ఇలాంటి రక్షణలు ఇంకా ఉన్నాయి: సంచిలో గ్లూకోజ్ ప్యాకెట్, నాలుక కింద పెట్టుకునే మాత్ర, నీళ్ల సీసా, చేతిలో ఎప్పుడూ మోగడానికి సిద్ధంగా ఉన్న ఫోను, రోజుకు నాలుగుసార్లు చూసుకునే బీపీ మిషను. ప్రమాదం తప్పింది వీటివల్లేననుకున్నంతకాలం, అసలు ప్రమాదమే లేదని మనసుకు తెలిసే అవకాశం రాదు.

దీనికి విరుగుడు ఏ దిక్కున ఉందో మనోవిశ్లేషణ పితామహుడు ఫ్రాయిడ్‌కు కూడా తెలుసు. 1919లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆయన, అగోరాఫోబియా ఉన్న రోగి విశ్లేషణతో భయం పోయేదాకా ఆగుతానంటే కుదరదని, వీధిలోకి వెళ్లి ఆ ఆందోళనతో తలపడేట్టు వైద్యుడే పురిగొల్పాలని రాశారు. సోఫా వైద్యానికి పుట్టిల్లయిన చోటునుంచి వచ్చిన మాట ఇది. 1958లో జోసెఫ్ వోల్పీ భయాన్ని మెట్లుమెట్లుగా, ఊహలో ఎదుర్కోవడం నేర్పారు. లండన్ మోడ్‌స్లీ ఆసుపత్రిలో మార్క్స్, ఆయన సహచరులు ఊహను దాటి రోగిని నిజమైన వీధిలోకి, నిజమైన బస్సులోకి నడిపించారు. ఎక్స్‌పోజర్ అని పిలిచే ఈ సాధనే ఇవాళ్టికీ ఈ జబ్బు చికిత్సకు వెన్నెముక.

అది ఎలా ఉంటుందో చూడటానికి వరంగల్‌లో నలభై ఏళ్ల గృహిణి ఒకామెను ఊహించుకుందాం. ఈమె ఏ ఒక్కరూ కాదు. ఈ జబ్బులో తరచుగా కనిపించేవాటిని కూర్చి చెప్పుకుంటున్న మనిషి. ఒంటరిగా గేటు దాటి మూడేళ్లయింది. కౌన్సెలర్‌తో కలిసి ఒక పట్టీ రాసుకుంటుంది: గేటు బయట నిలబడటం, వీధి చివర కిరాణా కొట్టు, హన్మకొండ చౌరస్తా, కాజీపేటకు బస్సు, భద్రకాళి గుడిలో శుక్రవారం క్యూ, చివరికి హైదరాబాద్ రైలు. ఒక్కోదానికి ఎంత భయమో సున్నా నుంచి నూరు దాకా అంకె వేస్తుంది. నోటుబుక్కులో రెండు గళ్లు గీస్తుంది. ఒక గడిలో, వెళ్లకముందు, ఏం జరుగుతుందని భయపడుతోందో రాయాలి. రెండో గడిలో, వచ్చాక, ఏం జరిగిందో.

కిరాణా కొట్టు రోజు. మొదటి గడిలో రాసింది: కళ్లు తిరిగి పడిపోతాను, అందరూ మూగుతారు. అంకె డెబ్భై. ఫోను ఇంట్లోనే వదిలేయాలి, గ్లూకోజ్ కూడా. కొట్టు ముందు ముగ్గురున్నారు. గుండె కొట్టుకుంటోంది, అరచేతుల్లో నోటు తడిసిపోతోంది. ముందున్నాయన ఉప్పు, సబ్బు, ఫోన్ రీచార్జి అంటూ ఒక్కొక్కటే అడుగుతున్నాడు. వెనక్కి తిరగాలనిపించినా తిరగకూడదు. గబగబా పని తెముల్చుకోకూడదు కూడా. కందిపప్పు అడిగి, చిల్లర లెక్కపెట్టుకుని, కాసేపు అక్కడే నిలబడి, మామూలుగా నడిచి రావాలి. రెండో గడిలో రాస్తుంది: పడలేదు. దడ వచ్చింది. కొట్టాయన చాన్నాళ్లకొచ్చావు అక్కా అన్నాడు. మర్నాడు మళ్లీ అదే కొట్టు. ఆ మర్నాడూ.

ఒకప్పుడు భయం పూర్తిగా దిగేదాకా అక్కడే ఉండాలని గట్టిగా చెప్పేవారు. 2014లో మిషెల్ క్రాస్క్, ఆమె సహచరులు ఇంకో కోణం చూపించారు: భయం ఎంత దిగిందన్నది అంత ముఖ్యం కాదు, అనుకున్న ఘోరం జరగలేదని మనసు ఎంత గట్టిగా తెలుసుకుందన్నదే ముఖ్యం. పాత భయం చెరిగిపోదు. దాని పక్కన కొత్త అనుభవం పేరుకుంటుంది. అందుకే సాధన రకరకాల చోట్ల, రకరకాల వేళల్లో చేయిస్తారు. లోపలి లక్షణాలతోనూ చేయిస్తారు. కుర్చీలో గిరగిరా తిప్పి కళ్లు తిరిగేట్టు చేస్తారు, సన్నని స్ట్రాతో ఊపిరి పీల్పిస్తారు, మెట్లెక్కించి గుండె వేగం పెంచుతారు. దడ వచ్చినా ఏమీ కాదని దడ తెప్పించే తెలుసుకోవాలి.

ఇక్కడొక హెచ్చరిక. భయం పోగొడతామని మనిషిని బలవంతాన జాతరలోకి తోసేసి, చూశావా ఏమీ కాలేదు అనడం చికిత్స కాదు. రోగి ఒప్పుకుని, తానే మెట్టు ఎంచుకుని ఎక్కాలి. వీక్స్ పద్ధతిలో ఈ ఒప్పుదలదే పెద్దపీట. భయానికి ఎదురుపడటం, ఒప్పుకోవడం, తేలిపోవడం, కాలం గడవనివ్వడం అన్నవి ఆమె చెప్పిన నాలుగు అంగలు. వీటిలో తేలిపోవడం చాలామందికి కొత్త. పళ్లు బిగించి, పిడికిళ్లు బిగించి రోడ్డు దాటేవాడు దాటినా అలిసిపోతాడు. ఏట్లో వెల్లకిలా పడుకున్నవాడిని నీళ్లే మోసినట్టు, ఒళ్లు వదులు చేసుకుని దడను దాని మానాన పోనిస్తే అడుగు పడుతుంది. వెనకడుగులు వస్తాయని కూడా ఆమె ముందే చెప్పేవారు. నెలరోజులు బాగా తిరిగి ఒకరోజు మళ్లీ గేటు దగ్గర ఆగిపోతే సంపాదించిందంతా పోయినట్టు కాదు. ఆ సంగతి రోగికి ముందే తెలిసి ఉండాలి, ఇంట్లోవాళ్లకు ఇంకా ముందు తెలిసి ఉండాలి.

మందుల సంగతికి వస్తే, ఒక నర్సుకు ఇవ్వాల్సిన ఘనత ఉంది. 1950ల చివర న్యూయార్క్ హిల్‌సైడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ క్లైన్ అప్పుడే వచ్చిన ఇమిప్రమిన్‌ను ఆందోళన రోగులకు ఇచ్చి చూశారు. కొన్ని వారాలు గడిచాయి. ఎలా ఉంది అంటే రోగి ఏమీ తేడా లేదన్నాడు, చికిత్స చేస్తున్నాయనా అదే అన్నాడు. వార్డు నర్సు మాత్రం తేడా ఉందంది: చచ్చిపోతున్నానంటూ రోజుకు కొన్నిసార్లు నర్సుల గది దాకా పరుగెత్తుకొచ్చే మనిషి ఇప్పుడు రావడం లేదు. అలా తేలింది, ఈ జబ్బులో రెండు పొరలున్నాయని. దాడులు మందుకు లొంగాయి. దాడి వస్తుందేమోనన్న భయం, దానివల్ల తప్పించుకు తిరగడం లొంగలేదు. ఇప్పుడు వాడే సెర్ట్రాలిన్, పారోక్సెటిన్, ఎసిటలోప్రామ్ లాంటి మందులు పాతవాటికన్న తేలిక. పని మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదటి రోజుల్లో కంగారు కాస్త పెరగవచ్చు కూడా. ఆ సంగతి చెప్పకుండా చీటీ రాసిస్తే రోగి నాలుగో రోజున మందు మానేస్తాడు. మందుతో దాడులు తగ్గాక కూడా కిరాణా కొట్టుకు నడవాల్సింది మనిషే.

ఆల్ప్రజోలమ్ అనే మాత్ర గురించి వేరే చెప్పాలి. అరగంటలో కుదుటపరుస్తుంది, అందుకే ప్రమాదం. 1993లో లండన్, టొరంటోల్లో మార్క్స్ బృందం 154 మందిపై జరిపిన అధ్యయనం ప్రకటించింది. ఎనిమిది వారాల్లో ఎక్స్‌పోజర్ సాధన వల్ల కలిగిన మేలు ఆల్ప్రజోలమ్ వల్ల కలిగిన మేలుకు దాదాపు రెట్టింపు. మాత్ర ఆపాక మాత్ర మేలు చాలావరకు కరిగిపోయింది, సాధన మేలు నిలిచింది. మన దేశంలో ఈ మందు హెచ్1 షెడ్యూల్‌లో ఉంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరాలు షాపువాళ్లు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అయినా జేబులో ఈ పట్టీ పెట్టుకుని తిరిగేవాళ్లకు కొరత లేదు. తెలంగాణకైతే ఇది ఇంకో దారిన కూడా పరిచయం: కల్తీ కల్లులో కలిపే మందుల్లో ఇదీ ఒకటి. 2015లో కల్తీపై దాడులు జరిగి అలాంటి కల్లు దొరకనప్పుడు నిజామాబాద్ లాంటి జిల్లాల్లో వణుకుతో, మూర్ఛలతో, వింతగా ప్రవర్తిస్తూ జనం ఆసుపత్రులకు వచ్చారు. అలవాటైన ఒంటికి ఈ మందు ఒక్కసారిగా ఆగిపోతే ఏమవుతుందో అప్పుడు ఊళ్లకు ఊళ్లు చూశాయి. ఏళ్లతరబడి వేసుకుంటున్నవాళ్లు డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించుకోవాలే తప్ప, ఒక్కరోజులో మానకూడదు.

ఇంతకీ ఈ చికిత్స ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో పెద్ద ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. అక్కడికి చేరాలంటే బస్సెక్కాలి, క్యూలో నిలబడాలి, జనంలో గంటలు కూర్చోవాలి. ఆ రోగి చేయలేనివి సరిగ్గా అవే. లక్ష జనాభాకు ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో, మామూలు మానసిక సమస్యలున్నవాళ్లలో ఎనభై శాతానికి పైగా చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. మన అంకెలు మన దగ్గర లేకుండానే మనం మాట్లాడుకుంటున్నాం.

వీక్స్ చేసిన పని విలువ ఇక్కడ తెలుస్తుంది. 1962లో ఆమె మొదటి పుస్తకం వచ్చాక ఉత్తరాలు వెల్లువెత్తాయి. వాటికి జవాబుగా గ్రామఫోను రికార్డులు, చిన్న పత్రికలు తయారుచేసి పంపారు. భయం వచ్చిన క్షణంలో రోగి వినడానికి, నెమ్మదిగా, తొందరలేని ఆమె గొంతు. 1973లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆమె 528 మంది రోగుల ఫలితాలు ప్రకటించారు. సగానికి పైగా పదేళ్లు దాటి బాధపడుతున్నవాళ్లే. చిన్న వయసువాళ్లలో ఎక్కువమంది, పెద్దవాళ్లలో దాదాపు సగంమంది బాగా మెరుగుపడ్డామన్నారు. పోల్చి చూడటానికి చికిత్స అందని ఇంకో బృందం లేదు, జవాబులు రోగులు స్వయంగా రాసినవి. కాబట్టి ఆ అంకెల్ని కాస్త తగ్గించుకునే చదవాలి. కానీ దూరం నుంచి కూడా ఈ వైద్యం సాధ్యమన్న మాట మాత్రం నిలబడింది. ఇంగ్లండ్‌లో డేనియల్ ఫ్రీమన్ బృందం తీవ్రమైన మానసిక వ్యాధులతో బయటికి వెళ్లడానికి ఇబ్బంది పడే 346 మందితో చేసిన ఇంకో ప్రయోగం ఫలితాలను 2022లో ప్రకటించింది. కళ్లకు పరికరం పెట్టుకుంటే బస్సు, కేఫ్, దుకాణం, క్లినిక్ గది కనిపిస్తాయి. అక్కడ సాధన చేయాలి. అందరికంటే ఎక్కువ ముడుచుకుపోయినవాళ్లకే అందరికంటే ఎక్కువ మేలు జరిగింది.

మనకు అంత ఖరీదైన పరికరం లేకపోయినా ఫోనుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా, డబ్బు ఖర్చు లేకుండా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. భయంతో పాటు దిగులు ముంచుకొచ్చి బతకాలనిపించనివాళ్లు ఆ ఫోను వాయిదా వేయకూడదు. ఊళ్లోనే జరగగల పని కూడా ఉంది. 1980లలో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వైద్యులు తెలుగు ఎక్కువగా వినిపించే బళ్లారి జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి మానసిక వైద్యాన్ని పల్లెలకు తీసుకెళ్లారు. తర్వాతి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. గోవాలో డాక్టర్లు కాని కౌన్సెలర్లు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో దిగులు, ఆందోళన రోగులకు మేలు చేయగలరని విక్రమ్ పటేల్ బృందం 2010లో చూపించింది.

ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త మన దగ్గర ఇప్పటికే ఉంది. బీపీ చూసేటప్పుడు ఆమె రెండు ప్రశ్నలు అదనంగా అడగాలి: ఒంటరిగా బయటికి వెళ్లి ఎన్నాళ్లయింది? వెళ్లాలంటే ఒంట్లో ఏమవుతుంది? జవాబును బట్టి కిరాణా కొట్టు దాకా మొదటి పది రోజులు రోగి పక్కన నడిచి, తర్వాత పది అడుగులు వెనక నడిచి, ఆపైన గేటు దగ్గరే ఆగిపోవడం ఆమెకు నేర్పవచ్చు. మెల్లగా తోడు తీసేయడమే ఈ శిక్షణలో కీలకం. భర్తలకు, అత్తలకు, పిల్లలకు కూడా అదే నేర్పాలి. వాట్సాప్‌లో పంపడానికి పది నిమిషాల ఆడియోలు కావాలి, కరీంనగర్ మాటలో ఒకటి, గుంటూరు మాటలో ఒకటి, శ్రీకాకుళం మాటలో ఒకటి. దడ మొదలైనప్పుడు చెవిలో పెట్టుకుని వినడానికి, వింటూనే కొట్టు దాకా నడవడానికి. దీనికి కొత్త ఆసుపత్రి కట్టక్కర్లేదు. రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలు ఒక్కో జిల్లాను ఎంచుకుని, ముందు అక్కడ ఇలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడంతో పని మొదలుపెట్టవచ్చు.